క్యాంపుకు వెళ్ళి గూడ్సు బండ్లు చూడటం: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్టరీల్లో వే బ్రిడ్జిలు (లారీలను, వ్యాగన్లను తూచే పెద్ద కాటాలు) సరిచూసే పని మీద హైదరాబాదు నుంచి పన్నెండేళ్ళుగా సీమ జిల్లాలకు క్యాంపులు తిరుగుతున్నాను. పని అయ్యాక లాడ్జిలో టీవీ ముందు కూర్చోలేను. స్టేషన్‌కు పోయి గూడ్సు బండ్లు చూస్తాను, ఫొటోలు తీస్తాను. అవి చూసిన మెడికల్ రెప్‌లు, బ్యాంకు ఆడిటర్లు, మా ఆఫీసు కుర్రాళ్ళు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయి ఇది రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## బయల్దేరే ముందు

అసలు గూడ్సు బండిలో చూడ్డానికి ఏముంది?

ఎక్స్‌ప్రెస్ రోజూ అదే టైముకు, అదే రంగుతో, అవే పెట్టెలతో వస్తుంది. గూడ్సు అలా కాదు. ఏ ఇంజన్ వస్తుందో, వెనకాల ఏముందో, ఎటు పోతుందో వచ్చేదాకా తెలియదు. నాలుగు రోజులు చూస్తే ఆ జిల్లా ఏం తింటోందో, ఏం అమ్ముతోందో అర్థమైపోతుంది. కడప వైపు బొగ్గు లోపలికి వస్తుంది, సిమెంటు బయటికి పోతుంది. పెనుకొండ దగ్గర కియా కార్లు బండెక్కుతాయి. తాడిపత్రి అరటిపండ్లు 2020 జనవరిలో ఏసీ కంటైనర్లలో ముంబై రేవుకు రైల్లో పోయాయి. అదే ఏడు సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు పండ్లతో కిసాన్ రైలు బయల్దేరింది. కరువు జిల్లా అని చదువుకున్న ఊరి నుంచి పండ్ల రైలు పోవడం నాకు ఇప్పటికీ వింతే.

మూడు జిల్లాల్లో క్యాంపు ఎక్కడ పడితే ఎక్కువ బండ్లు కనిపిస్తాయి?

గుంతకల్లు. ఇంకో మాట లేదు. రాయచూరు వైపు, బళ్ళారి వైపు, డోన్ వైపు, అనంతపురం మీదుగా బెంగళూరు వైపు, గుత్తి మీదుగా కడప, రేణిగుంట వైపు లైన్లు అక్కడి నుంచి విడిపోతాయి. ముంబై, మద్రాసు రైలు మార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచీ ఇది దేశపు పెద్ద దారుల్లో ఒకటి. రెండోది గుత్తి. అక్కడ లోకో షెడ్ (ఇంజన్లను ఉంచి మరమ్మతు చేసే చోటు) కూడా ఉంది కాబట్టి విడి ఇంజన్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. మూడోది ఎర్రగుంట్ల. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కనే ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ స్టేషన్. పైగా 2016 నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె మీదుగా నంద్యాలకు లైను తెరుచుకుంది. కర్నూలు సిటీలో మాత్రం బండ్లు తక్కువ. డోన్ దాకా పోగలిగితే కొంచెం నయం.

గూడ్సు ఎప్పుడొస్తుందో ఏ యాప్‌లో చూడాలి?

ఏ యాప్‌లోనూ కనిపించదు. మనం వాడే రన్నింగ్ స్టేటస్ అంతా ప్రయాణికుల బండ్లకే. సరుకు బండ్ల వివరాలు రైల్వేకు, సరుకు పంపేవాళ్ళకు మాత్రమే. కానీ ఆ యాప్‌నే తిరగేసి వాడొచ్చు. వచ్చే గంటన్నరలో ఆ స్టేషన్ మీదుగా ఎక్స్‌ప్రెస్‌లు ఏమేం ఉన్నాయో చూడండి. రెండు ఎక్స్‌ప్రెస్‌ల మధ్య నలభై నిమిషాల ఖాళీ ఉంటే ఆ ఖాళీలో గూడ్సులను వదులుతారు. ఎక్స్‌ప్రెస్‌లు వరసగా ఉంటే గూడ్సులను లూప్ లైన్‌లో (మెయిన్ లైను పక్కన బండ్లు ఆపే పట్టాలు) పక్కన పెడతారు, కదలని బండిని తీరిగ్గా చూడొచ్చు. ఎలా చూసినా మనకు లాభమే.

కెమెరా కొనాలా, ఫోను చాలా?

మొదటి మూడు క్యాంపులకు ఫోను చాలు. జూమ్ మాత్రం వేళ్ళతో సాగదీయకండి, బండి పిండి ముద్దలా వస్తుంది. బండి దగ్గరికొచ్చేదాకా ఆగి తీయండి. కొనాలనిపిస్తే వాడిన పాత కెమెరా, 18-55, 55-250 మిల్లీమీటర్ల లెన్సులు సరిపోతాయి. సీమలో లెన్సు మార్చడం పెద్ద తలనొప్పి. ఎర్రదుమ్ము, ఎర్రగుంట్ల వైపయితే సిమెంటు దుమ్ము. లాడ్జి గదిలోనే ఏదో ఒక లెన్సు తగిలించుకుని బయల్దేరండి.

ఆఫీసులో చెప్పాలా?

పని గంటల్లో పోకండి, చెప్పాల్సిన అవసరం రాదు. ప్లాట్‌ఫాం టికెట్ టీఏ బిల్లులో పెట్టకండి.

## స్టేషన్‌లో

ప్లాట్‌ఫాం టికెట్ ఉంటే ఫొటో తీయొచ్చా?

పది రూపాయల టికెట్ రెండు గంటల పాటు ప్లాట్‌ఫాం మీద ఉండనిస్తుంది. అంతవరకే. ఫొటోకు అది అనుమతి కాగితం కాదు. సినిమా, ప్రకటనల షూటింగులకు రైల్వే దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. సొంత సరదాకు చేతిలో కెమెరాతో ఒకటి రెండు ఫొటోలు తీసుకునేవాళ్ళను చాలాచోట్ల పట్టించుకోరు, కొన్నిచోట్ల ఆపుతారు. నేను చేసేది ఒకటే. లోపలికి పోగానే డ్యూటీలో ఉన్న ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) కానిస్టేబుల్ ఎవరో చూసి, నేనే ఎదురుపోయి, "సార్, క్యాంపుకొచ్చినా. గూడ్సు బండ్లు చూడ్డం నాకు పిచ్చి. ఇక్కడ కూర్చుని రెండు ఫొటోలు తీసుకోవచ్చునా?" అని అడుగుతా. వద్దంటే కెమెరా సంచిలో పెట్టి ఊరికే చూస్తా. ట్రైపాడ్ మాత్రం తీసుకుపోకండి. మూడు కాళ్ళ స్టాండు కనపడగానే మీరు వాళ్ళ కళ్ళకు టీవీ చానెల్ అయిపోతారు.

ఆపి ప్రశ్నిస్తే ఏం చెప్పాలి?

నిజం. ఒక స్టేషన్‌లో (పేరు వద్దు) నన్ను గదిలో కూర్చోబెట్టి గంటసేపు అడిగారు. నా తప్పే. అడక్కుండా ప్లాట్‌ఫాం చివరిదాకా పోయి సిగ్నల్ గది వైపు కెమెరా తిప్పాను. కంపెనీ ఐడీ, లాడ్జి రసీదు, ఫోన్‌లో పాత బండ్ల ఫొటోలు చూపించాక ప్రశ్నలు అడిగినాయన నవ్వి, "ఎక్స్‌ప్రెస్‌లుండంగ వీటినేం తీస్తాండావబ్బా?" అన్నాడు. రెండు ఫొటోలు తీసేయమన్నాడు, తీసేశాను. వాదనకు దిగకండి. పొద్దున్నే కస్టమర్ దగ్గర ఉండాల్సినవాళ్ళం, రాత్రి ఎనిమిదింటికి చట్టం చర్చ మనకెందుకు?

మిలిటరీ బండి వస్తే కెమెరా దించేయండి. దానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎవరూ ఇవ్వరు.

పట్టాల పక్కన నిలబడితే మంచి యాంగిల్ వస్తుంది కదా?

వస్తుంది, కేసు కూడా వస్తుంది. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోతే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు సంగతి అటుంచి ప్రాణం చూసుకోండి. ఇప్పటి కరెంటు ఇంజన్లు దగ్గరికొచ్చేదాకా పెద్దగా చప్పుడు చేయవు. ఒక లైన్లో గూడ్సు దడదడమని పోతుంటే పక్క లైన్లో ఎక్స్‌ప్రెస్ వచ్చేది వినపడదు. పైన తీగల్లో 25,000 వోల్టులుంటాయి. తాకక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు లాగేస్తుంది. అందుకే ప్లాట్‌ఫాం మీదా, పాదచారుల వంతెన మీదా సెల్ఫీ స్టిక్కులు, గొడుగులు పైకెత్తకండి. ఆగి ఉన్న వ్యాగన్ల కింద నుంచి దూరి అవతలికి పోయేవాళ్ళను రోజూ చూస్తాం. ఆ బండి మీకు చెప్పి కదలదు.

ప్లాట్‌ఫాం మీద కూడా పసుపు గీతకు రెండడుగులు వెనకే ఉండండి. టార్పాలిన్ తాళ్ళు ఊడి కొరడాల్లా ఊగుతుంటాయి, బొగ్గు ముక్కలు రాలతాయి.

గూడ్సు లూప్ లైన్‌లో ఆగి ఉంది. ఎప్పుడు కదులుతుందో ముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. నన్నడిగితే ఈ సరదాలో సగం అదే.

లూప్ చివర ఆ లైనుకు ఒక స్టార్టర్ సిగ్నల్ (బండిని బయల్దేరమని చెప్పేది) ఉంటుంది. అది ఎర్రగా ఉన్నంతసేపు టీ తాగండి. ముందు మెయిన్ లైను సిగ్నల్ పచ్చబడుతుంది. అంటే ఎక్స్‌ప్రెస్ దాటబోతోందన్నమాట. అది దూసుకుపోయాక ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో సాధారణంగా గూడ్సు వంతు వస్తుంది. ఈలోగా ఇంజన్ దగ్గర చిన్న చిన్న కదలికలు మొదలవుతాయి. అసిస్టెంట్ పైలెట్ (ఇంజన్‌లో రెండో డ్రైవరు) కింద నుంచి ఎక్కేస్తాడు. బ్రేకుల గాలి బుస్సుమంటుంది. హెడ్‌లైట్ వెలుగుతుంది. స్టార్టర్ పసుపుకో పచ్చకో మారుతుంది, ఒక కూత.

అప్పుడు కెమెరా పక్కన పెట్టి ఒక్కసారి చెవి పెట్టి వినండి. ఇంజన్ ముందుకు లాగగానే మొదటి కప్లింగ్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) బిగుసుకుంటుంది, తర్వాత రెండోది, మూడోది. ఆ టక టక టక మీ ముందు నుంచి పరుగెత్తి ఏడు వందల మీటర్ల అవతల చివరి వ్యాగను దాకా పోతుంది. ఇంజన్ కదిలిన కాసేపటికి గానీ చివరి డబ్బాకు ఆ సంగతి తెలియదు. నేను దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, ఫొటోలో మాత్రం ఇంతవరకూ పట్టలేకపోయాను.

ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు ఏం తినాలి, ఏం తాగాలి?

పొద్దున అయితే స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి. కాగితంలో కట్టించుకుని ప్లాట్‌ఫాం మీద తినొచ్చు. వేసవిలో రెండు లీటర్ల నీళ్ళు లేకుండా కదలకండి. మార్చి నుంచే నలభై డిగ్రీలకు పోటీ పడే ఊర్లివి.

## బండి వచ్చాక

ఇంజన్ మీద రాసిన అక్షరాలకు అర్థమేంటి?

డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్. రెండో అక్షరం ఏ అయితే కరెంటు, డి అయితే డీజిల్. మూడోది జి అయితే గూడ్సు, పి అయితే ప్యాసింజర్, ఎం అయితే రెండింటికీ. ఆ లెక్కన డబ్ల్యూఏజీ-9 అంటే బ్రాడ్‌గేజ్ మీద నడిచే కరెంటు గూడ్సు ఇంజన్. ఆరు వేల హార్స్‌పవర్ పైన బలం, మన వైపు ఎక్కువగా కనపడేది ఇదే. నంబరు 31, 32, 33 లాంటి అంకెలతో మొదలయ్యే ఐదంకెల సంఖ్య. రెండు ఇంజన్లు వీపులు ఆనించుకున్నట్టు పొడుగ్గా వచ్చి నంబరు 60తో మొదలైతే అది డబ్ల్యూఏజీ-12బీ. 12,000 హార్స్‌పవర్, బీహార్‌లోని మధేపురాలో తయారవుతుంది. పక్కన షెడ్ పేరు కూడా రాసి ఉంటుంది. గుత్తి అని కనిపిస్తే మన ఊరివాణ్ణి పరాయి ఊర్లో చూసినంత సంబరం నాకు. ఒకసారి గుజరాత్ క్యాంపులో చూసి ఫోన్ చేసి మరీ ఇంట్లో చెప్పా. ఇంట్లో పెద్దగా స్పందన లేదు.

వ్యాగన్ల రకాలు ఎలా గుర్తుపట్టాలి? ఆ పొడుగు నంబరేంటి?

పైన మూత లేకుండా ఎత్తు గోడలతో ఉన్నవి బాక్స్‌ఎన్. బొగ్గు, ఇనుప ఖనిజం, జిప్సం వాటిలో పోతాయి. పక్కన తలుపులతో పూర్తిగా మూసి ఉన్నవి బీసీఎన్ రకాలు. సిమెంటు బస్తాలు, ఎరువులు, బియ్యం. గుండ్రటి ట్యాంకర్లు బీటీపీఎన్, పెట్రోలు, డీజిలుకు. బల్లపరుపు మీద కంటైనర్లు పెట్టేవి బీఎల్‌సీ. పాత ప్యాసింజర్ పెట్టెలకు కిటికీలు మూసేసినట్టు కనిపించేవి కార్లు మోసే ఎన్ఎంజీలు.

వ్యాగను మీద 11 అంకెల నంబరుంటుంది. మొదటి రెండు రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఐదు ఆరు అంకెలు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు దాని సొంత నంబరు. చివరిది మిగతావన్నీ సరిగ్గా రాశారో లేదో తేల్చే అంకె. బండి ఆగి ఉన్నప్పుడు ఐదు, ఆరు అంకెలు చదువుకుంటూ పొండి. ఒకే రేకులో (ఒక బండి వ్యాగన్ల వరస మొత్తాన్నీ రేకు అంటారు) ఇరవయ్యేళ్ళ ముసలిదీ నిన్న మొన్నటిదీ పక్కపక్కనే ఉంటాయి.

చివరి డబ్బాలో ఉండేది ఎవరు?

పాత పేరు గార్డు. 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. స్టేషన్లలో ఇంకా గార్డు సారే.

ఎండలో తీసినవన్నీ తెల్లగా పోతున్నాయి. ఏ టైములో తీయాలి?

పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యాహ్నం రాళ్ళ వేడికి గాలి అలలు అలలుగా ఊగి, దూరంగా ఉన్న ఇంజన్ నీళ్ళలో మునిగినట్టు వస్తుంది. దానికి ఖరీదైన లెన్సు కూడా ఏమీ చేయలేదు. క్యాంపు మీద ఉన్నవాళ్ళకు ఈ టైములు అచ్చంగా సరిపోతాయి, ఎందుకంటే మధ్యాహ్నం మనం ఫ్యాక్టరీలో ఉంటాం.

ఎటు నిలబడాలన్నది లైను దిక్కును బట్టి. కడప నుంచి గుత్తి పోయే లైను ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పోతుంది. పొద్దున ఈశాన్యం వైపు ప్లాట్‌ఫాం, సాయంత్రం నైరుతి వైపు ప్లాట్‌ఫాం మంచివి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో సూర్యుడు ఇంచుమించు లైను కొసనే లేస్తాడు, అప్పుడు రేణిగుంట వైపు పోయే బండ్ల మొహాలు బంగారంలా వెలుగుతాయి. అనంతపురం, కర్నూలు స్టేషన్లలో లైను దాదాపు ఉత్తర దక్షిణాలు. పొద్దున తూర్పు, సాయంత్రం పడమర.

షట్టర్ స్పీడ్ ఎంత పెట్టాలి?

లోడు బండి డెబ్బై, డెబ్బై అయిదు కిలోమీటర్ల మీద పోతుంటే 1/640 సెకను, లేదా అంతకన్నా వేగంగా పెట్టండి. ఖాళీ బండి ఇంకా వేగంగా వస్తుంది. హెడ్‌లైట్ నేరుగా పడితే ఫొటో నల్లబడుతుంది, ఫోన్‌లో ఇంజన్ పక్కభాగం మీద వేలు నొక్కి వెలుగు సరిచేసుకోండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు, పైలెట్ కళ్ళలో పడుతుంది.

లోకో పైలెట్‌కు చెయ్యి ఊపొచ్చా?

తప్పకుండా. సగం మంది తిరిగి ఊపుతారు, ఒకరిద్దరు కూత కూడా వేస్తారు. ఎర్ర చొక్కా, ఎర్ర తువ్వాలు మాత్రం చేతిలో ఊపకండి, నవ్వులాట కాదు.

## ఒక సాయంత్రం మాత్రమే ఉంటే

కడపలో దిగాను. ఎక్కడికి పోవాలి?

ఎర్రగుంట్ల దాకా పోండి, నలభై కిలోమీటర్లు. రెండు గంటలు ఒకేచోట కూర్చోండి. కారు వేసుకుని బండి వెంటపడే ఆలోచన మానేయండి. నేనూ మొదట్లో వెంటపడ్డాను. ముద్దనూరు పోయేసరికి అది కొండాపురంలో ఉండేది, వెనక్కొచ్చేసరికి ఎర్రగుంట్లలో రెండు దాటిపోయి ఉండేవి. రేణిగుంట వైపు పని పడితే నందలూరు చూడండి. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద షెడ్ ఉన్న ఊరు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు ఆ వైపే రైలుకట్ట కొట్టుకుపోయింది. ఇంకా ముందుకు పోతే ఓబులవారిపల్లె. అక్కడి నుంచి కృష్ణపట్నం రేవు వైపు 2019లో తెరిచిన లైను విడిపోతుంది. దాని మీద ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం ఉంది. రేవు బొగ్గు గూడూరు, రేణిగుంట చుట్టి రావాల్సిన పని తప్పింది.

అనంతపురం, తాడిపత్రి వైపు?

అనంతపురంలో రాత్రి బస అయితే తెల్లవారి మొదటి రైలుకు గుంతకల్లు పోయి పదిన్నరకు తిరిగొచ్చేలా చూసుకోండి. తాడిపత్రిలో సిమెంటు, నాపరాయి లారీల మధ్య స్టేషన్‌కు చేరడమే ఒక పని. అక్కడ ఆటో అతను "యాడికి సార్?" అంటే "యాడికికే" అనాల్సిన రోజు మీకూ వస్తుంది. నా కస్టమర్ ఒకరు నిజంగానే యాడికి అనే ఊళ్ళో ఉన్నారు.

కర్నూలులో ఏమీ లేదా?

తుంగభద్ర వంతెన ఉంది. నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో ఒడ్డు నుంచి చూస్తే బండి మొత్తం ఆకాశం మీద గీసినట్టు కనిపిస్తుంది. వానాకాలం ఒడ్డుకు దిగకండి. 2009 అక్టోబరులో ఈ నది ఊళ్ళోకే వచ్చింది. హైవే వంతెన మీద కారు ఆపడం కూడా వద్దు.

## తిరిగొచ్చాక

మా కస్టమర్ ఫ్యాక్టరీ సైడింగ్‌లోనే (ఫ్యాక్టరీ లోపలి సొంత లైను) రేకు నిలబడి ఉంది. అక్కడ తీయొచ్చా?

వద్దు. గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి పోయాం. ఎంత సరుకు, ఎవరికి పోతోంది అన్నది వాళ్ళ వ్యాపార రహస్యం. మా పనిలో అయితే నడిచే బండిని తూచే కాటా పక్కనే రోజంతా నిలబడతాం, యాభై ఎనిమిది వ్యాగన్లు నత్తలా కళ్ళ ముందే పోతాయి. చేతులు జివ్వుమంటాయి. ఫోను లాకర్‌లోనే ఉంటుంది.

ఫొటోలు ఎప్పుడు, ఎలా పెట్టాలి?

బండి ఆ సెక్షన్ దాటి పోయాక, మర్నాడు పెట్టండి. ఇంజన్ నంబరు, షెడ్, స్టేషన్, తేదీ రాస్తే చాలు. సిబ్బంది మొహాలు స్పష్టంగా ఉంటే వాళ్ళను అడగకుండా పెట్టకండి. డ్యూటీలో ఉన్నవాళ్ళకు అనవసరపు టెన్షన్.

రెండు గంటలు కూర్చున్నా ఒక్క గూడ్సు కూడా రాలేదు. నేనేమైనా తప్పు చేశానా?

లేదు. ముందెక్కడో లైను పని జరుగుతుండొచ్చు, మెయింటెనెన్స్ బ్లాకు (మరమ్మతుకు కాసేపు లైను మూసేయడం) ఉండొచ్చు. పోయిన ఫిబ్రవరిలో ముద్దనూరులో నాకూ అదే జరిగింది. ఏడున్నరకు లేచి బయటికొచ్చి, బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదిలాక వెనక నుంచి కూత వినపడింది. బొగ్గు రేకే అయి ఉంటుంది.